సెల్‌ఫోన్ శిక్షణ సరే, ఖాతా ఎవరి చేతిలో?

ధర్మవరం: కరువు సీమగా పేరుపడ్డ అనంతపురం ప్రాంతంలో చేతివృత్తులవారికి, కళాకారులకు సెల్‌ఫోన్, కంప్యూటర్ వాడకం నేర్పే శిక్షణ శిబిరాలు ఇప్పుడు కొత్త కాదు. తోలుబొమ్మలవారిని, మగ్గం నేసేవారిని పిలిచి, ఫొటో ఎలా తీయాలి, వీడియో ఎలా పెట్టాలి, ఇంటి దగ్గర నుంచే సరుకు ఎలా అమ్ముకోవాలి అన్న సంగతులు రెండు మూడు రోజులు చెప్పి పంపిస్తారు. చివరి రోజున సర్టిఫికెట్లు పంచుతారు, గ్రూపు ఫొటో తీస్తారు. ఎందరు హాజరయ్యారన్న లెక్క ఫైలుకెక్కుతుంది. ఆరు నెలల తర్వాత వారిలో ఎందరు తమంతట తాము ఒక్క బేరమైనా చేసుకోగలిగారన్న లెక్క మాత్రం అరుదుగా కనిపిస్తుంది. నిజానికి చూడవలసింది ఆ రెండో లెక్కనే.

శిక్షణ వద్దని ఎవరూ అనరు. వాన రాని ఏడాది కూడా పని దొరికే దారి ఏదైనా ఈ ప్రాంతానికి కావలసిందే. అయితే ఆ దారి తాళం చెవి కళాకారుడి చేతికి వస్తున్నదా, మరొకరి జేబులోకి పోతున్నదా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఆముదపు దీపం నుంచి కరెంటు బల్బు దాకా

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పెట్టింది పేరు. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లాను విడదీసినప్పుడు ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు అవతలికి కనిపించేంత పలుచన చేసి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీస్తారు. ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి రంగులు అద్దుతారు. మనిషెత్తు రాముడు, రావణుడు, హనుమంతుడు ఇలా తయారవుతారు.

పూర్వం ఈ ఆట ఆముదపు దీపాల వెలుగులో సాగేది. ఆ తర్వాత పెట్రోమాక్సు లైట్లు వచ్చాయి. కరెంటు వచ్చాక బల్బు వచ్చింది, మైకు వచ్చింది. వచ్చిన ప్రతి కొత్త పరికరాన్నీ కళాకారులు తమ తెర వెనక్కి తెచ్చుకుని, తమ ఆటకు తగ్గట్టు అమర్చుకున్నారు. బల్బు ఎంత ఎత్తున వేలాడాలో, బొమ్మను తెరకు ఎంత దగ్గరగా ఆనించాలో ఒకరు వచ్చి చెప్పలేదు, వారే తేల్చుకున్నారు. పల్లె కళాకారుడికి కొత్త యంత్రమంటే బెదురు అన్న మాటలో నిజం లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఆట తగ్గడానికి కారణం వేరే ఉంది. ఈ ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ చేతికొస్తేనే ఊళ్లో చందా పోగయ్యేది, ఆటకు పిలుపు వచ్చేది. విరాటపర్వం ఆడిస్తే వానలు పడతాయన్న నమ్మకంతో కరువు కాలంలోనూ ఆడించిన ఊళ్లు ఉండేవి. వరుసగా పంటలు పోయి, జనం బెంగళూరుకు కూలికి వలసపోయాక ఆడించే స్థోమత ఊళ్లకు లేకపోయింది. మరోపక్క సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. దాంతో అనేక కుటుంబాలు అదే తోలుతో దీపపు గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి, పట్నాల్లో జరిగే ఎగ్జిబిషన్లలో అమ్ముకోవడం మొదలుపెట్టాయి. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి ఎగ్జిబిషన్లు మూతపడేసరికి ఆ దారీ ఆగింది. సెల్‌ఫోన్ ఒక్కటే అంగడిగా మిగిలింది. శిక్షణ శిబిరాలకు గిరాకీ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

వెలుగు పాఠం ఎవరు ఎవరికి చెప్పాలి?

శిబిరాల్లో ఫొటో తీయడం గురించి సాధారణంగా చెప్పే మొదటి సూత్రం, వస్తువు మీద ముందు నుంచి వెలుగు పడాలని. కుండకు, బుట్టకు, చీరకు అది సరిపోతుంది. తోలుబొమ్మకు సరిపోదు. ముందు నుంచి వెలుగు పడితే తోలు మొద్దుగా, మసకగా కనిపిస్తుంది. వెనక నుంచి వెలుగు వస్తేనే రంగు లేస్తుంది, రంధ్రాల నగిషీ తెలుస్తుంది. వెలిగించిన దీపపు గొడుగుకు ఫోన్ కెమెరా చూపితే, కెమెరా తనంతట తాను వెలుగు సరిచేసుకోబోయి మధ్యభాగాన్ని తెల్లగా మాడ్చేస్తుంది. తెర మీద బొమ్మ ఉన్న చోట వేలితో తాకి, వెలుగును కొంత తగ్గిస్తే ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా వస్తాయి. గదిలో మిగతా లైట్లు ఆర్పివేయాలి.

ఇది చిన్న సంగతే. కానీ శిక్షణ ఎక్కడ దారి తప్పుతున్నదో ఇదే చూపుతుంది. వెలుగు గురించి బడికి పోకుండానే తరతరాలుగా తెలిసిన మనిషిని కూర్చోబెట్టి, అందరికీ చెప్పే పాఠమే ఆయనకూ చెబితే, ఆయన తల ఊపి ఊరుకుంటాడు. నీ తెర వెనక బల్బు ఎక్కడ పెడతావు అని ఆయననే అడిగి, అక్కడి నుంచి పాఠం మొదలుపెడితే అరగంటలో ఫోన్ ఆయన చేతికి అలవాటవుతుంది.

భాష సంగతీ అంతే. ఫోన్‌ను తెలుగులోకి మార్చుకునే వీలున్నా, చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒక మీట పేరు అర్థం కాక ఆగిపోయిన పెద్దాయన పక్కనున్న కుర్రాడికి ఫోన్ అందిస్తాడు. మిగతా పని ఆ కుర్రాడే పూర్తి చేస్తాడు. సర్టిఫికెట్ మాత్రం పెద్దాయన పేరు మీద వస్తుంది.

ఖాతా ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. శిబిరంలో సమయం చాలక, అమ్మకపు ఖాతాలు అక్కడున్న వాలంటీరో, మనవడో, తెలిసిన దళారో తెరిచిపెట్టడం మామూలు. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిదో, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో అప్పట్లో ఎవరూ పట్టించుకోరు. కుర్రాడు చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు వెళ్లిపోతే ఖాతా కూడా అతనితోపాటే వెళ్తుంది. ఓటీపీ అక్కడికి వస్తుంది, కొనుగోలుదారు మెసేజ్ అక్కడికి వస్తుంది. బొమ్మ చేసే చేతులు మాత్రం ఇక్కడుంటాయి.

ఇంట్లో ఆడవారి సంగతి మరీ ఆలోచించదగ్గది. తోలు మీద రంధ్రాలు కొట్టడంలో, రంగులు వేయడంలో వారి చేయి సగం ఉంటుంది. ఫోన్ మాత్రం ఎక్కువ ఇళ్లలో మగవారి జేబులోనే ఉంటుంది. శిబిరానికి ఇంటికొకరిని పిలిస్తే వెళ్లేదెవరో వేరే చెప్పనక్కరలేదు.

కమీషను, పెట్టె కొలత, బెంగళూరు సరిహద్దు

ఎలా అమ్మాలో చెప్పే శిక్షణలు, అమ్మితే ఏం మిగులుతుందో కూడా చెప్పాలి. లెక్క కోసం ఒక దీపపు గొడుగు ధర 1,500 రూపాయలనుకుందాం. తోలు, రంగులు, ఇనుప చట్రం కలిపి ఖర్చు 600 అనుకుంటే మిగిలేది 900. పని నాలుగు రోజులైతే రోజుకు 225 రూపాయలు పడుతుంది. అమ్మిపెట్టిన ఆన్‌లైన్ సంస్థ నూటికి 15 చొప్పున కమీషను పట్టుకుంటే, పోయేది సరిగ్గా 225. అంటే ఒక రోజు కష్టం. ధర నిర్ణయించేటప్పుడు ఈ రోజును కూడా లెక్కలో వేయకపోతే కళాకారుడు మూడు రోజుల కూలికి నాలుగు రోజులు పనిచేసినట్టు.

పార్సిల్ లెక్క ఇంకొకటి. చాలా కొరియర్ సంస్థలు వస్తువు బరువుతోపాటు పెట్టె కొలత కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తే వచ్చేదాన్ని కిలోల బరువుగా లెక్కిస్తాయి. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 40, 40, 50 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టిన దీపపు గొడుగు నిజానికి రెండు కిలోలు లేకపోయినా, ఈ లెక్కలో 16 కిలోలవుతుంది. చట్రం విడదీసి, తోలు విడిగా పరిచి, 50, 40, 10 సెంటీమీటర్ల పలుచటి పెట్టెలో పంపితే 4 కిలోలకు దిగుతుంది. విడదీసి మళ్లీ బిగించుకునే చట్రం ఎలా చేయాలన్నది ఒక పూట పాఠం. రీల్ ఎలా తీయాలన్న పాఠం కంటే దీనివల్ల మిగిలే డబ్బు ఎక్కువ.

పన్ను నిబంధన మూడోది. 2023 అక్టోబర్ 1 నుంచి, పరిమితికి లోపు వ్యాపారం చేసే చిన్న అమ్మకందారులు సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్ సంస్థల ద్వారా అమ్ముకోవడానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు, నమోదు నంబరు తీసుకుంటే చాలు. పొరుగు రాష్ట్రానికి అలా అమ్మాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి. ఈ ప్రాంతానికి దగ్గరి పెద్ద పట్నం బెంగళూరు. అది కర్ణాటకలో ఉంది. రోజూ మనవాళ్లు కూలికి వెళ్లొచ్చే ఊరికి ఒక దీపం అమ్మాలంటే కాగితాల పని మీద పడుతుంది. ఈ సంగతి శిబిరంలోనే చెప్పి, అక్కడే ఆడిటరును కూర్చోబెడితే కళాకారులు సగం దారిలో ఆగిపోరు.

వీడియోలతో సంపాదన అన్న మాట కూడా శిబిరాల్లో తరచు వినిపిస్తుంది. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు కావాలి. దానితోపాటు 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా పొట్టి వీడియోలను 90 రోజుల్లో కోటిసార్లు చూసి ఉండాలి. జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యం పొట్టి వీడియోలకు బాగా నప్పుతుందన్నది నిజమే. అయితే దాన్ని నమ్ముకుని ఉలి పక్కన పెట్టడం తెలివైన పని కాదు. వీడియో చూసి ఎవరైనా ఆటకు పిలిస్తే, బొమ్మ కొంటే, అదే అసలు లాభం.

మోసాల సంగతి చెప్పకుండా ఏ శిక్షణా పూర్తి కాదు. సరుకు కొంటామని ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి అనేవారు తయారయ్యారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు. పిన్ నొక్కితే పోయేది మన డబ్బే. పొరపాటు జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ధర్మవరం మగ్గం చెప్పే హెచ్చరిక

బొమ్మ ఫొటో ఒకసారి లోకంలోకి వెళ్లాక ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు ధర్మవరం పట్టుచీరల్లో ఉంది. ఒకప్పుడు అంచు డిజైను గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి, ఆ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, జకార్డుకు కట్టేవారు. ఆ అట్టలు ఉన్నచోటే డిజైను ఉండేది. కంప్యూటర్ వచ్చాక గళ్లు తెర మీదే నిండుతున్నాయి. పని సుళువైంది, తప్పులు తగ్గాయి. అయితే ఫైలుగా మారిన డిజైను నిమిషాల్లో ఎక్కడి మరమగ్గానికైనా చేరిపోగలదు. చీరతో సహా కొన్ని రకాలను చేనేతకే కేటాయించేందుకు 1985లో కేంద్రం చట్టం చేసినా, మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడుపోతున్నదన్న నేతగాళ్ల మొర ఆగలేదు.

తోలుబొమ్మలకూ, ధర్మవరం పట్టుచీరలకూ 1999 చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. అయితే ఆ పేరును అధికారికంగా వాడుకోవాలంటే కళాకారులు విడివిడిగా నమోదు చేసుకోవాలి. సొంతంగా గీసిన కొత్త బొమ్మ మీద గీసినవాడికి కాపీరైటు పుడుతుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఫొటో మీద మొదటి హక్కు సాధారణంగా ఫొటో తీసినవారిది. కాబట్టి తన సరుకు ఫొటో తానే తీయడం, తీసిన తేదీతో దాచుకోవడం, చిన్న సైజు ఫొటోలే బయట పెట్టడం కళాకారుడికి అవసరం. ఫొటో తీయడం నేర్పే శిబిరాలు ఈ నాలుగు మాటలు కూడా నేర్పితే బాగుంటుంది.

పస్తాపూర్‌లో ఏం జరిగింది?

చదువురాని పల్లెవాళ్లకు ఈ యంత్రాలు పట్టుబడవు అనేవారు తెలంగాణలోని జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ను చూడాలి. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1990లలో పేద దళిత మహిళా రైతులకు వీడియో కెమెరా నేర్పింది. వారిలో అనేకులకు అక్షరం రాదు. దక్కన్ పీఠభూమిలో మెట్టచేలలో కూలి చేసుకునేవారు. వారే తర్వాత విత్తనాల గురించి, పంటల గురించి సినిమాలు తీశారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది, దాన్నీ ఆడవారే నడిపారు.

అక్కడ శిక్షణ రెండు రోజుల్లో ముగియలేదు. నెలల తరబడి, వారి పనుల వేళలకు తగ్గట్టు సాగింది. కెమెరా కోణాలకు వారు తమ మాటల్లో పేర్లు పెట్టుకున్నారు. ఎక్కువ తక్కువలు చూపే కోణానికి పటేల్ పేరు పెట్టారు. కళ్లకు సమంగా, ఎదుటి మనిషిని సాటి మనిషిగా చూపేదానికి సంఘం షాట్ అన్నారు. ఇంగ్లీషు మాట బట్టీపట్టే అవసరం లేకుండానే విద్య పట్టుబడింది. కెమెరా వారి సంఘానిది, ఏ కథ తీయాలో నిర్ణయించుకునేదీ వారే. ఫలితం అందుకే నిలిచింది.

మన ప్రాంతానికి ఇక్కడ పాఠం ఉంది. మన కళాకారులకు బుద్ధి తక్కువై శిక్షణలు వృథా కావడం లేదు. ఇచ్చే వ్యవధి తక్కువ, చెప్పే పాఠం వారి పనికి దూరం, పరికరం, ఖాతా వారి చేతిలో ఉండవు. ఈ మూడూ సరిచేయదగ్గవే.

ఏం చేయాలి?

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులవారికి 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉన్నాయి. డిజిటల్ చెల్లింపులు, మార్కెటింగ్ కూడా అందులో చెబుతారు. బొమ్మలు, ఆటవస్తువులు చేసేవారు ఆ 18లో ఉన్నారు, మగ్గం నేసేవారు లేరు. వారికి చేనేత శాఖ శిక్షణలే దిక్కు. రోజు పని మానుకుని వచ్చేవాడికి కూలి నష్టం రాకుండా భృతి ఇవ్వడం మంచి పద్ధతి. ఏ సంస్థ శిబిరం పెట్టినా ఇది పాటించాలి.

శిబిరాలు పట్నంలోని హాలులో కాక, ఊళ్లో కళాకారుల వాకిట్లో జరగాలి. ఒకేసారి మూడు రోజులు చెప్పి వెళ్లిపోయే బదులు, నెలకొక రోజు చొప్పున ఆరు నెలలు రావాలి. మొదటి నెలలో చెప్పింది రెండో నెలకు ఎక్కడ చిక్కుపడిందో తెలుస్తుంది. ఇంటి నుంచి ఒక పెద్దవారు, ఒక ఆడమనిషి, ఒక చదువుకున్న పిల్ల లేదా పిల్లవాడు కలిసి కూర్చోవాలి. ఖాతా కళాకారుల పేరుమీద, వారి నంబరుతోనే తెరవాలి. పాస్‌వర్డ్ ఇంట్లో రాసి దాచుకోవాలి. పార్సిల్ పెట్టెలు, కొరియర్ బేరం, ఆడిటరు ఖర్చు ఒక్కొక్కరికి భారం కాబట్టి ఊరంతా సంఘంగా పెట్టుకుంటే తేలికవుతుంది. శిబిరం పెట్టిన సంస్థలు హాజరు పట్టీతోపాటు, ఆరు నెలల తర్వాత సొంతంగా జరిగిన అమ్మకాల లెక్క కూడా చూపించాలి.

శిక్షణకు పిలుపు వచ్చినప్పుడు కళాకారులు కూడా మొహమాటపడకుండా నాలుగు ప్రశ్నలు అడగాలి. ఖాతా ఎవరి పేరున తెరుస్తారు? మీరు తీసే మా ఫొటోలు ఎక్కడ వాడతారు? కమీషను, పార్సిల్ పోను మాకు ఎంత మిగులుతుంది? వచ్చే నెల చిక్కు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పగల శిబిరానికి పని మానుకుని అయినా వెళ్లవచ్చు. చెప్పలేని శిబిరం నుంచి దక్కేది గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ ఒక్కటే.

ఆముదపు దీపం పోయి బల్బు వచ్చినప్పుడు తోలుబొమ్మలాట చచ్చిపోలేదు. బల్బు మీట కళాకారుల చేతిలో ఉండడమే అందుకు కారణం. సెల్‌ఫోన్ విషయంలోనూ అధికారులు, స్వచ్ఛంద సంస్థలు ఆ మీటను వారి చేతికే అప్పగించే ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.